అప్‌డేట్: హాస్టల్ బోర్డు మీద అపాస్ట్రఫీ

తిరుపతిలో మా అక్క పెడుతున్న లేడీస్ హాస్టల్ ఇంగ్లీషు బోర్డుకు అపాస్ట్రఫీ (‘ఫలానావాళ్ల’ అని చెప్పడానికి అక్షరం పైన పెట్టే కామా లాంటి గుర్తు) ఎక్కడ పెట్టాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ‘లేడీస్’ చివరి ఎస్ తర్వాత పెట్టించాం. కింద ‘వర్కింగ్ విమెన్స్’ అని కూడా ఉంది. విమెన్ ఎస్ లేకుండానే బహువచనం, కాబట్టి అక్కడ అపాస్ట్రఫీ ముందు, ఎస్ తర్వాత. పెయింటర్ అన్నకు ఇది మింగుడు పడలేదు. “ఒకే బోర్డులో రెండు రకాలా, చూసేవాళ్లు నవ్వరా?” అన్నాడు. కాగితం మీద రాసిచ్చాక గానీ బ్రష్ పట్టలేదు.

ఇక మిగిలింది బావ మెస్ బోర్డు, ‘శ్రీనివాస్’ పేరుతో. దీనికి చివర ఉత్త అపాస్ట్రఫీ పెట్టినా, దాని తర్వాత ఇంకో ఎస్ రాసినా ఒప్పే. లండన్ సెయింట్ జేమ్సెస్ పార్కుకు అపాస్ట్రఫీ తర్వాత ఇంకో ఎస్ రాస్తారు, అదే పేరున్న న్యూకాజిల్ ఫుట్‌బాల్ మైదానానికి రాయరు. నా ఓటు ఎస్ ఉన్నదానికే. బావ మాత్రం అక్షరానికి ఇంత అని లెక్కేస్తున్నాడు!