జలుబు ఇంటికి తెచ్చేది పిల్లలేనా?

ఇద్దరు పిల్లల అమ్మ:
మూడేళ్ల చిన్నోడిని జూన్‌లో ప్లే స్కూల్లో వేశాం. అప్పట్నుంచి నెలకోసారి వాడికి జలుబు, రెండ్రోజులకి నాకు, ఆ వెనకే అత్తయ్యకి. ఆవిడకి ఆస్తమా. ఈసారి ఆయాసం ఎక్కువై రెండు రాత్రులు కూర్చునే ఉన్నారు. వాడిని బడి మాన్పించమంటున్నారు మా పెద్దాడపడుచు. నెపమంతా పసివాడి మీద వేయడం న్యాయమా?

గోదారి గట్టు:
న్యాయమో కాదో గానీ నిజమేనమ్మా. జపాన్‌లో 1962 నుంచి బడిపిల్లలకి ఫ్లూ టీకాలు వేసేవారు. 1994లో ఆ పథకం ఎత్తేశాక చలికాలపు మరణాలు మళ్లీ పెరిగాయి. పోయినవాళ్లు ఎక్కువగా ముసలివాళ్లు.

లెక్కల మేష్టారు:
అది దేశం మొత్తం మరణాల లెక్క. ఎవరి నుంచి ఎవరికి అంటిందో అందులో కనపడదు. కోవిడ్ మొదట్లో ఇంటికి తెచ్చింది ఎక్కువగా పెద్దవాళ్లే కదా?

గోదారి గట్టు:
బళ్లు మూసేస్తే పిల్లలు ఎక్కణ్ణుంచి తెస్తారు మేష్టారూ! ఆ 2020లోనే మన ఆంధ్రలో, తమిళనాడులో కోవిడ్ రోగులతో మెలిగిన 5.75 లక్షల మందిని, అంటే కాంటాక్టులని, పరిశీలించారు. ఒకే ఈడు పిల్లల మధ్య బాగానే అంటుకుందని తేలింది.

లెక్కల మేష్టారు:
అందులోనే ఇంకో ముక్క ఉంది. 71 శాతం రోగుల కాంటాక్టుల్లో ఒక్కరికీ పాజిటివ్ రాలేదు. అంటించేది కొద్దిమందే.

పాత నర్సు:
జపాన్ మీద మీ అభ్యంతరానికి జవాబు కెనడాలో ఉంది. అక్కడ హటరైట్లని ఒక మతవర్గం, విడిగా పల్లెలు కట్టుకుని ఉంటారు. చీటీలు తీసినట్టు కొన్ని పల్లెల పిల్లలకి ఫ్లూ టీకా, మిగతా పల్లెల పిల్లలకి పోల్చి చూడ్డానికి ఫ్లూతో సంబంధం లేని హెపటైటిస్-ఎ టీకా వేశారు. ఎవరికి ఏదో చెప్పలేదు. ఫ్లూ టీకా వేసిన పల్లెల్లో, అసలు టీకా వేసుకోనివాళ్లకి కూడా ఫ్లూ 61 శాతం తగ్గింది. 2010లో వచ్చిన ఫలితం ఇది.

లెక్కల మేష్టారు:
ఫ్లూ వరకు ఒప్పుకున్నానండి. కానీ వీళ్లింటికి నెలనెలా వచ్చేవన్నీ ఫ్లూ కాదు. మామూలు జలుబు ఎక్కువగా రైనోవైరస్, దానికి టీకా లేదు. బడి మాన్పిస్తే ఆ జలుబులే ఒకటో తరగతిలో వస్తాయి.

పాత నర్సు:
అది నిజం. అయినా అమ్మాయ్, చిన్నోడు రాత్రి ఎవరి పక్కన పడుకుంటాడు?

ఇద్దరు పిల్లల అమ్మ:
అత్తయ్య పక్కనే. జలుబు తగ్గేదాకా నా దగ్గర పడుకోబెడతానంటే ఆవిడే ఒప్పుకోరు. వాడి చీమిడి కూడా పైట చెంగుతోనే తుడుస్తారు. డాక్టరు గారు చెప్పాక ఫ్లూ టీకా మాత్రం వేయించుకున్నారు. నిన్న చేతిలో రుమాలు పెడితే రోజంతా నాతో మాట్లాడలేదు.