సోనీ ఏ6000 కెమెరాకి పాత మాన్యువల్ ఫోకస్ టెలిఫోటో (దూరపువి దగ్గరగా చూపే లెన్స్): 135 ఎంఎం తీసుకోనా, 200 ఎంఎం తీసుకోనా?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున తిరిగొచ్చే బోట్లు, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ దగ్గర కొంగలు తీయాలని చాలా కోరిక. కొత్త టెలిఫోటో నా స్తోమతకి అందదు. అందుకే ఫిల్మ్ కాలం నాటి లెన్స్ చూస్తున్నాను. దాన్ని సోనీకి బిగించే అడాప్టర్‌తో కలిపి ఎనిమిది వేలు పెట్టగలను.

మనసులో ఉన్నవి: నికాన్ ఏఐ 200 ఎఫ్/4, కెనాన్ ఎఫ్‌డీ 200 ఎఫ్/4, ఎం42 మౌంట్ (మరలా తిప్పి బిగించే రకం) జూపిటర్-37ఏ 135 ఎఫ్/3.5. (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది.) ఏ6000లో ఉన్న ఏపీఎస్-సీ సెన్సర్ ఫిల్మ్ ఫ్రేమ్ కన్నా చిన్నది కాబట్టి, దాని మీద 200 పెడితే ఫిల్మ్ కెమెరాలో 300 అంత దగ్గరగా కనిపిస్తుంది, బోట్లకి అదే కావాలి. కానీ ఈ కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు. చేత్తో పట్టుకుని తీస్తే షటర్ వేగం 1/300 సెకను పైనే ఉండాలి, ఆ వేళకి వెలుతురేమో తక్కువ. జూపిటర్‌కి వెలుతురు వచ్చే రంధ్రాన్ని (అపర్చర్) మూసే బ్లేడ్లు 12, వెనకాల మసక చాలా అందంగా వస్తుంది. అయినా నా మొగ్గు నికాన్ వైపే, రేపు నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ కొన్నా పనికొస్తుంది. ఎఫ్‌డీకి ఆ వీలు లేదు.

అసలు భయం ఫంగస్, అంటే లెన్స్ గాజు మీద పట్టే బూజు. మన సముద్రపు గాలికి, చెమ్మకి లెన్సులు ఎంత త్వరగా పాడవుతాయో మీకు తెలుసు. అమ్మేవాళ్లు "అంచున కొంచెమే, ఫొటోలో కనపడదు" అంటున్నారు. అలాంటిది తీసుకోవచ్చా? కొన్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాస్తే సరిపోతుందా, డ్రై క్యాబినెట్ (చెమ్మని తగ్గించే కరెంటు పెట్టె) తప్పదా? పాత లెన్స్ విప్పి శుభ్రం చేసేవాళ్లు వైజాగ్‌లో ఏ ఏరియాలో ఉన్నారు? వాడినవాళ్లు దయచేసి చెప్పండి.