నా టైమ్ ట్రావెల్ నవలలో టెన్షన్ నిలబడటం లేదు, ఏం చేయాలి?

మాది కందుకూరు. రెండేళ్లుగా ఒక థ్రిల్లర్ రాస్తున్నాను. హీరో 2023 నుంచి 1969కి వెళ్లి, వాళ్ల తాతను ఎవరు చంపారో కనిపెట్టాలి. రాతప్రతి నాన్నకిచ్చాను. నలభై పేజీలు చదివి కళ్లజోడు తీసి, "తప్పిపోతే ఇంకోసారి వెనక్కి పోవచ్చు గదరా, వాడికంత తొందరేంటి?" అన్నారు. అక్కడితో నా క్లైమాక్స్ కూలిపోయింది.

దాంతో ఒక్కసారే వెళ్లగలడని నియమం పెట్టాను. కానీ అది పన్నెండో అధ్యాయంలో గానీ బయటపడదు. ఇరుక్కున్నాక అప్పటికప్పుడు అతికించినట్టుంది. మొదట్లోనే చెబితే పాఠంలా తయారవుతోంది.

చిన్న తప్పులకు లెక్కలేదు. బస్సు దిగగానే హీరో టీ తాగి డబ్బులిస్తాడు. జేబులో ఉన్నది గాంధీ బొమ్మ ఐదువందల నోటు! 1969లో దాన్నెవరు తీసుకుంటారు? ఇంకోచోట బోర్డు మీద 'ప్రకాశం జిల్లా' అని రాశాను. ఒంగోలు జిల్లా ఏర్పడిందే 1970లో, ప్రకాశం పేరు 1972లో వచ్చింది. 1969లో మా ఊరు నెల్లూరు జిల్లాలోనే ఉంది, 2022లో మళ్లీ అక్కడికే చేరింది. (మా ఊరే టైమ్ ట్రావెల్ చేసినట్టుంది.) ఇవి దిద్దుకోగలను.

అసలు చిక్కు వేరు. తాత చావు ఆగితే హీరో వెనక్కి వెళ్లే అవసరమే ఉండదు కదా? ఈ ముడి విప్పాలా, వదిలేయాలా? ఇక ఒక్కసారే వెళ్లగలడన్న నియమాన్ని ఏ సంఘటనతో, ఎన్నో అధ్యాయంలో చెబితే బాగుంటుంది? ఇలాంటివి రాసినవాళ్లు, బాగా చదివేవాళ్లు కాస్త చెప్పండి. మొహమాటం లేకుండా తిట్టినా పర్లేదు.