పర్లాకిమిడి నవలలో నిజమైన మనుషులు: కల్పన ఎంతవరకు?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక రచయిత్రి)

పెద్దలకు నమస్కారం. 1930 నుంచి 1936 వరకు మా ఊళ్ళో జరిగే కథతో నవల రాస్తున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు, మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్‌గారు అందులో పాత్రలుగా వస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి పట్టణం అందులో చేరిన సందర్భంలో, డెబ్బై రెండేళ్ళ పంతులుగారు ఊరు విడిచి రాజమండ్రికి తరలిపోయారన్నది మా ఇళ్ళలో చిన్నప్పటినుంచీ వింటున్న సంగతి. నవలకు ఆ ప్రయాణమే ఆయువుపట్టు. ఆయనను నౌపడా వెళ్ళే చిన్న రైలు ఎక్కించి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మహేంద్రతనయ నది వైపు చూస్తూ పుటన్నర మాట్లాడించాను. చదివి వినిపిస్తే ఇంట్లో అందరూ కళ్ళు తుడుచుకున్నారు కాని, నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు, ఎందుకంటే ఆ మాటలు ఆయనవి కావు, ఆయన ఆ రైలే ఎక్కారనడానికి నా దగ్గర ఆధారమూ లేదు. ఇలా రాయవచ్చునా?

మరో రెండు సందేహాలు. మహారాజావారిని కథలో ప్రతినాయకుడిగా నిలబెట్టడం న్యాయమేనా? అలాగే, ఎస్టేటు కచేరీలో పనిచేసిన ఒక గుమాస్తా రాసిన అచ్చు కాని ఉత్తరం, కొన్ని పాత కాగితాలు ఒకరి ఇంటి పెట్టెలో దొరికాయి. వాటిపై 'ఫసలీ 1345' (శిస్తు లెక్కల ఏడాది) అనీ, ఒక తాటాకుపై '24 అంక' (ఒడియా రాజుల ఏలుబడి ఏళ్ళ లెక్క) అనీ ఉన్నాయి. వీటిని ఇప్పటి లెక్కలోకి మార్చడం ఎలాగో, ఉత్తరాన్ని యథాతథంగా వాడుకోవచ్చునో లేదో తెలుపగలరు.

సమాధానం (బరంపురం నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మా, మీకు నిద్ర పట్టకపోవడం మంచి లక్షణం. నాకు ఆ రోజుల్లో హాయిగా నిద్ర పట్టింది, అందుకే ఇది చెబుతున్నాను. ఇరవై ఏళ్ళ క్రితం నా నవలలో ఒక ఎస్టేటు ఉద్యోగిని అసలు పేరుతోనే లంచగొండిగా చూపించాను. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు వృద్ధులు చెప్పిన మాట తప్ప నాకు వేరే ఆధారం లేదు. పుస్తకం వచ్చిన ఆరు నెలలకు ఆయన మనవడు మా గుమ్మంలోకి వచ్చి, చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరులో భద్రపరిచిన బదిలీ ఉత్తర్వు తీసి నా చేతిలో పెట్టాడు. నేను రాసిన సంఘటన జరిగిన ఏడాది వారి తాతగారు అసలు ఆ ఊళ్ళోనే లేరు. ఆ అబ్బాయి గొంతు పెంచలేదు, కేసు పెడతానని బెదిరించలేదు. "మా నాన్నమ్మ ఇంకా ఉంది, ఆమెకు ఎవరో చదివి వినిపించారు" అని మాత్రం అన్నాడు. మిగిలిన ప్రతులు అమ్మకం మానిపించాను గాని, ఆమె విన్నదాన్ని వెనక్కి తీసుకోలేకపోయాను.

అప్పటినుంచీ నేను పాటిస్తున్న పద్ధతి ఒకటే. దాఖలా మాట్లాడిన చోట దాన్ని దాటను, దాఖలా మౌనంగా ఉన్న చోట నిజమైన మనిషి నోట మాట పెట్టను. ఆ ఖాళీలోకి నేను కల్పించిన మనిషిని పంపి, అతని కళ్ళతో చూపిస్తాను. మీ కథలో అలాంటి మనిషికి చోటు సిద్ధంగా ఉంది. పంతులుగారు సవర భాష నేర్చుకోవడానికి సవరలనే గురువులుగా పెట్టుకున్నారు. ఆ శ్రమ ఫలితమే 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసిన సవర భాష మాన్యువల్ అనే పుస్తకం. ఆయన ఇంట్లో పెరిగిన ఒక సవర కుర్రవాడిని కల్పించండి. ఊరు విడిచే రోజున పంతులుగారు ఏమన్నారో మనకు అక్కరలేదు. ఆ కుర్రవాడు మోసిన పుస్తకాల మూట ఎంత బరువుగా ఉందో మీరు రాయవచ్చు. అప్పుడు ఏ బండి ఎక్కారన్నది కూడా చెప్పనక్కరలేదు, ఎందుకంటే కుర్రవాడు గుమ్మం దగ్గరే ఆగిపోవచ్చు.

మహారాజావారి విషయంలో తొందరపడవద్దు. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరాలని ఆయన కోరారు, లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశంలో ఒడియావారి రాష్ట్రం కోసం వాదించారు, 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి వంటి పదవి) అయ్యారు. ఇవన్నీ దాఖలాలో ఉన్నవే, నిస్సంకోచంగా రాయండి. కాని మన తెలుగువారికి నష్టం కలిగిందని ఆయనకు దురుద్దేశం అంటగట్టడం వేరు. మీ ఊళ్ళో ఒడియా కుటుంబాలకు ఆ ఏప్రిల్ 1 పండుగ రోజు. ఒక వాకిట్లో దీపాలు, పక్క వాకిట్లో మూటలు కట్టుకోవడం: ఈ రెండూ ఒకే వీధిలో చూపించగలిగితే మీకు ప్రతినాయకుడి అవసరమే రాదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. చనిపోయినవారి మీద వేసే నింద కూడా, ఆ మనిషి బతికి ఉంటే పరువుకు భంగం కలిగించేదై, కుటుంబ సభ్యుల మనసు నొప్పించే ఉద్దేశంతో చేసినదైతే, పరువునష్టం కావచ్చునని భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వివరణ చెబుతుంది. పాత శిక్షాస్మృతిలో ఇది 499. ఇక ఉత్తరం మీద హక్కు కాగితం ఎవరి పెట్టెలో ఉందో వారిది కాదు, రాసినవారిది, తరువాత వారి వారసులది. అందులోని సంగతులు వాడుకోవచ్చు. వాక్యాలు యథాతథంగా అచ్చు వేయాలంటే వారసుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

సమాధానం (రాయగడ నుంచి)

తేదీల విషయం నేను చెబుతాను. ఫసలీకి 590 కలిపితే సరిపోతుందని అందరూ అంటారు, సగం పొరపాట్లు అక్కడే జరుగుతాయి. మద్రాసు లెక్కలో ఫసలీ ఏడాది జూలై 1న మొదలవుతుంది కనుక ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ వరకు. కాగితం మీద నెల జనవరి, జూన్‌ల మధ్యదైతే 591 కలపాలి. మీ కాగితం సరిగ్గా ఒరిస్సా ఏర్పడిన నాటిదే అయి ఉండవచ్చు, నెల ఏదో జాగ్రత్తగా చూడండి.

అంక మరీ చిక్కు. రాజు పట్టానికి వచ్చిన తొలి ఏడు రెండో అంక అవుతుంది. 6తో ముగిసే అంకెలు, 10 తప్ప సున్నతో ముగిసేవి లెక్కలోకి రావు. అంక మారేది భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు. వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి: 6, 16, 20 తీసేసి, రెండు నుంచి మొదలుపెడితే '24 అంక' ఇరవయ్యో ఏడు అవుతుంది. ఏ రాజు ఏలుబడిలోదో ముందు తేల్చుకోకపోతే ఈ లెక్కంతా వృథా.

ఇంకొక హెచ్చరిక. 1936కు ముందు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది, కలెక్టరు ఛత్రపురంలో ఉండేవారు. శ్రీకాకుళం జిల్లా 1950లోను, గజపతి జిల్లా 1992లోను ఏర్పడ్డాయి. మీ పాత్ర "శ్రీకాకుళం జిల్లా వాణ్ణి" అంటే ఇక్కడి పాఠకులు అక్కడే పుస్తకం మూస్తారు. జీతాలు అణాల్లో చెప్పండి. నయాపైసలు 1957లో గాని రాలేదు.

ప్రశ్న అడిగినవారు

ఆ పుటన్నర తీసేశాను. సవర కుర్రవాడితో ప్రకరణం మళ్ళీ మొదలుపెట్టాను. మూట దారంతో కట్టి ఉంది, ముడి వదులై రెండు కాగితాలు గుమ్మంలో పడితే వాడు ఏరుకుంటున్నాడు. అయితే వాడి నోట సవర మాటలు రాయాలంటే 1931 పుస్తకం ఒక్కటీ చాలునా?

సమాధానం (బరంపురం నుంచి)

పుస్తకం మాటను ఇస్తుంది గాని, పన్నెండేళ్ళ పిల్లవాడు ఆ మాటను ఎలా అంటాడో ఇవ్వదు. గుణుపురం వైపు సవర మాట్లాడే పెద్దవారి దగ్గర కూర్చుని, మీ వాక్యాలు పైకి చదివి వినిపించండి; వారు నవ్విన చోట దిద్దుకోండి. ఆ కుర్రవాడికి పేరు పెట్టేముందు కూడా వారినే అడగండి.