హూ పెట్టాలా, హూమ్ పెట్టాలా? కీ తప్పా?

ప్రశ్న (విజయనగరం నుంచి): డీఎస్సీకి చదువుతున్నాను. ఒక మోడల్ పేపర్లో "ద బాయ్ ___ ఐ థింక్ విల్ విన్" అని ఉంది. ఖాళీ పక్కనే 'ఐ' ఉంది కాబట్టి హూమ్ రావాలి కదా? కీలో హూ అని ఇచ్చారు. ఏది రైటు?

జవాబు (శ్రీకాకుళం నుంచి): కీ రైటే అండీ. "ఐ థింక్" అన్న ముక్క మీద వేలు పెట్టి మూసేసి చదవండి. మిగిలింది "ద బాయ్ ___ విల్ విన్". గెలిచేది అబ్బాయే. 'హి విల్ విన్' అంటాం గానీ 'హిమ్ విల్ విన్' అనం కదా. హి కుదిరిన చోట హూ, హిమ్ కుదిరిన చోట హూమ్, హిజ్ కుదిరిన చోట హూజ్. "ద బాయ్ ___ ఐ మెట్ ఎట్ అరసవల్లి" అని ఇస్తే 'ఐ మెట్ హిమ్' కాబట్టి హూమ్. ఐ థింక్, దే సే లాంటివి మధ్యలో దూర్చేది మనల్ని పడగొట్టడానికే. మాటల్లో హూమ్ అనేవాళ్ళు తక్కువే, పరీక్షలో మాత్రం రాయాల్సిందే.

ప్రశ్న: థాంక్సండీ. "నాగావళి, ___ ఫ్లోస్ త్రూ శ్రీకాకుళం" అన్నదానికి దట్ ఎందుకు పనికిరాదు?

జవాబు: కామా ఉంది చూశారా? నాగావళి అన్నాక ఏ నాగావళి అని ఎవరూ అడగరు. ఊరి మీదుగా పారుతుందన్నది అదనపు కబురు. అలాంటి చోట కామా, విచ్. కామా తర్వాత దట్ పెట్టకూడదు. "ద రివర్ దట్ ఫ్లోస్ త్రూ శ్రీకాకుళం" అంటే ఏ నదో తెలిసేదే ఆ ముక్క వల్ల, కాబట్టి కామా ఉండదు. అక్కడ దట్, విచ్ రెండూ చెల్లుతాయి. ఆల్, ఎవ్రీథింగ్, ద బెస్ట్ లాంటివాటి తర్వాత దట్ పెట్టేయండి.

ఇంకొకరు (బొబ్బిలి నుంచి, ట్యూషన్లు చెబుతాను): మా పిల్లలు తప్పేది వేరే చోట. "ద వీణ విచ్ ఐ బాట్ ఇట్ ఇన్ బొబ్బిలి" అని రాస్తారు. విచ్ వచ్చాక ఇట్‌కి పని లేదు, కొట్టేయాలి. "నేను కూర్చున్న కుర్చీ"కి "ద చైర్ విచ్ ఐ శాట్" అని ఆపేస్తారు. తెలుగులో 'మీద' అనక్కర్లేదు, ఇంగ్లీషులో 'ఆన్' లేకపోతే వాక్యం నిలవదు. "ద చైర్ విచ్ ఐ శాట్ ఆన్" అనాలి, లేదా "ఆన్ విచ్ ఐ శాట్". నా లెక్కలో హూ, హూమ్ గొడవ కన్నా ఇదే పెద్ద తప్పు.

ప్రశ్న: హూజ్ మనుషులకేనా మేష్టారూ?

జవాబు: వస్తువులకీ వాడతారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస వైపు కొట్టింది కదా, అప్పుడు కప్పు ఎగిరిపోయిన ఇంటిని "ద హౌస్ హూజ్ రూఫ్ వాజ్ బ్లోన్ ఆఫ్" అనొచ్చు. అపాస్ట్రఫీ పెట్టి రాస్తే మాత్రం అది 'హూ ఈజ్' అయిపోతుంది, చూసుకోండి.

ప్రశ్న: అయితే "ద ఫ్రెండ్ విత్ ___ ఐ వెంట్ టు శ్రీకూర్మం"కి హూమ్, అంతేనా?

జవాబు: అంతే. విత్ ముందున్నంతసేపూ హూమ్ తప్ప ఇంకోటి పట్టదు. దాన్ని చివరికి తోసి "ద ఫ్రెండ్ దట్ ఐ వెంట్ విత్" అన్నా తప్పు లేదు.