అప్‌డేట్: అమ్మ చిగుళ్ల రక్తం, షుగర్

బ్రష్ చేస్తే అమ్మకి చిగుళ్లలో రక్తం, మందులు వాడుతున్నా షుగర్ దిగట్లేదు, రెండిటికీ సంబంధం ఉందా అని పోయిన నెల అడిగినా కదా. ఉంది. తిరుపతిలోనే చిగుళ్ల డాక్టరుకి చూపించినాం. సన్న కడ్డీ చిగురు సందులోకి దించి కొలిస్తే దవడపళ్ల దగ్గర 6 మిల్లీమీటర్లు, 3 దాటకూడదంట. షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు చెడతాయి, ఆ వాపు మళ్లీ షుగర్‌ని పెంచుతుంది. మత్తిచ్చి రెండు దఫాలుగా వేర్ల దాకా గార తీసినారు. పళ్లు వదులైపోతాయని అమ్మ ఎంత భయపడిందో! గార పోయినచోట సందులు కనబడతాయి, అంతే. ఇప్పుడు ఉమ్మిలో ఎరుపు లేదు, పొద్దున లేస్తానే వచ్చే వాసనా లేదు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష మూడు నెలల షుగర్ సగటు చెప్తుంది, గార తీయించి ఇంకా అన్నాళ్లు కాలేదు కాబట్టి ఆ పరీక్ష ఇంకా చేయించలేదు. షుగర్ మాత్రలు మాత్రం ఆపలేదు, మీరూ ఆపొద్దండి.