యాష్‌బ్రింగర్ కత్తి పాత థియరీలు తెలిసినవాళ్లు సాయం చేయండి

నమస్కారం అండీ, మాది విజయనగరం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలోని యాష్‌బ్రింగర్ అనే కత్తి గురించి ఆటగాళ్లు అల్లిన థియరీలన్నీ తెలుగులో రాస్తున్నాను. బొబ్బిలి యుద్ధం, తాండ్ర పాపారాయుడి కథ వింటూ పెరిగినవాళ్లం కదా, కత్తి చుట్టూ కథలు అల్లుకోవడం మాకు కొత్త కాదు.

2006లో ఆటలో చేరిన నాక్స్‌రామస్ అనే రెయిడ్‌తో (చాలామంది కలిసి ఆడే కష్టమైన కోటతో) పాటు శాపం తగిలిన యాష్‌బ్రింగర్ వచ్చింది. అప్పట్లో దాన్ని పట్టుకుని స్కార్లెట్ మొనాస్టరీ అనే శత్రువుల మఠంలోకి వెళ్తే శత్రు సైనికులే మోకరిల్లేవారు. అదే కత్తితో తండ్రిని చంపిన అక్కడి నాయకుడు రెనాల్ట్ ముందుకు ఆ తండ్రి ఆత్మ వచ్చేది. ఇంత గొప్ప సీన్ ఆ ఆటలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. తర్వాత ఆ మఠంలోనే ఉండే ఫెయిర్‌బ్యాంక్స్ అనే పాత్రని కదిపితే ఔట్‌లాండ్ అనే వేరే లోకం మాట ఎత్తేవాడు. అందుకే 2007లో ఔట్‌లాండ్‌ని ఆటలోకి తెచ్చిన బర్నింగ్ క్రూసేడ్ అనే అదనపు భాగం రాగానే కత్తిని శుద్ధి చేసే క్వెస్ట్ (ఆటగాడికి ఇచ్చే పని) అక్కడ ఉంటుందని జనం ఆశపడ్డారు. అది రాలేదు. 2008లో టిరియన్ అనే వీరుడి పాత్ర చేతిలో కత్తి శుద్ధి అయింది.

అప్పట్లో ఆడినవాళ్లు చెప్పండి: ఔట్‌లాండ్‌లో ఈ క్వెస్ట్‌కి సంబంధించిన డైలాగ్ గానీ, వస్తువు గానీ మీ కంటపడిందా?

ఇంకోటి. చేపలు పడితే యాష్‌బ్రింగర్ దొరుకుతుందన్న పుకారు నాక్స్‌రామస్ కంటే ముందుదా, తర్వాతదా? 2016లో వచ్చిన లీజియన్ అనే మరో అదనపు భాగంలో ఆ కత్తి రహస్య రూపం కోసం నిజంగానే చేపలు పట్టించారు కాబట్టి అడుగుతున్నాను. పాత స్క్రీన్‌షాట్లుంటే దయచేసి పెట్టండి.